మొదటి కొలత పేరు

నేను అనుమానం మనిషిని. మా ఇంట్లో అందరూ ఈ మాట అంటూనే ఉంటారు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. పాలు పోయించుకున్నాక గిన్నెలో వేలు ముంచి చూస్తాను. తెనాలి స్టేషన్లో బండి వస్తోందని మైకులో చెప్పినా, పక్కనున్న ఇద్దర్ని అడిగితేగాని లేచి నిలబడను. ఇరవై ఏళ్ళుగా బాపట్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెబుతున్నాను. పరీక్ష హాల్లో మూడో బెంచీ వాడు దగ్గితే అయిదో బెంచీ అమ్మాయి ఎందుకు తలెత్తిందో నాకు తెలిసి తీరాలి.

పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఒక సూత్రం ఉండేది. ఒప్పులు ఎన్ని కలిసినా ఫరవాలేదు, చదివిన వాళ్ళందరికీ ఒప్పు ఒకటే వస్తుంది. తప్పులు కలిశాయా, ఒకళ్ళు ఇంకొకళ్ళ పేపర్లోకి చూశారన్నమాటే. ఈ సూత్రంతో ఎంతమందిని పట్టుకున్నానో చెప్పలేను. పట్టుబడ్డ ప్రతివాడూ ముందు ఏడ్చేవాడు, తర్వాత ఒప్పుకునేవాడు. అందుకని సూత్రం మీద నాకు గురి కుదిరింది.

ఆ చలికాలం మా డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు ఇద్దర్ని తన గదిలోకి పిలిచారు. ఒకరు నేను. రెండోది, రెండేళ్ళ కిందట చేరిన అమ్మాయి. భట్టిప్రోలు నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. స్టాఫ్ రూములో ఎక్కువ మాట్లాడేది కాదు. ఎక్కువ మాట్లాడని వాళ్ళంటే నాకు మొదట్నుంచీ అదోలా ఉంటుంది.

"వచ్చే సెమిస్టర్ నుంచి కొత్త లాంగ్వేజ్ పేపరు పెడుతున్నామమ్మా, రస్ట్. ఇద్దర్లో ఒకళ్ళకే ఇవ్వగలను" అన్నారాయన. "సెక్షన్లు తగ్గాయి కదా. రెండో వాళ్ళ సంగతి జూన్లో మేనేజ్‌మెంట్ చూస్తుంది."

జూన్లో చూడటమంటే ఏమిటో మా కాలేజీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పేపరు వచ్చినవాళ్ళు ఉంటారు, రానివాళ్ళు ఇంటికి వెళతారు. నా వయసులో ఇంకో కాలేజీ గుమ్మం ఎక్కడం మాటలు కాదు.

పద్ధతి కూడా ఆయనే చెప్పారు. ఒక సైటు రోజూ పొద్దున్నే అయిదున్నరకి ఒక కొత్త పజిల్ ఇస్తుంది. దాన్ని ఇద్దరం ఎవరికి వాళ్ళం రస్ట్‌లో రాసి, తొమ్మిదిలోపు డిపార్ట్‌మెంట్ ఫోల్డర్లో పెట్టాలి. ఒకరిది ఒకరికి కనిపిస్తుంది. "తప్పొచ్చినా తీసెయ్యకండి. తప్పుని ఎలా దిద్దుకున్నారో కూడా నేను చూడాలి" అన్నారు.

రస్ట్ గురించి తెలియని వాళ్ళకి ఒక్క మాట చెబుతాను. కంప్యూటర్‌కి మనం రాసింది అర్థమయ్యేలా మార్చి పెట్టేదాన్ని కంపైలర్ అంటారు. సి భాష కంపైలర్ మంచిమనిషి, ఏం రాసినా పోనీలే అంటుంది. రస్ట్ కంపైలర్ నాకన్నా అనుమానం మనిషి. ఒక వస్తువుని ఇంకో చోటికి పంపామా, పూర్తిగా ఇచ్చేశావా, చూసి తిరిగిమ్మన్నావా, చూడమని ఇస్తే వాళ్ళు దాన్ని మార్చరని ఏంటి నమ్మకం అని నిలదీస్తుంది. దేనికైనా ఒకే ఒక్క యజమాని ఉండాలంటుంది. రుజువు చూపిస్తేగాని కదలనివ్వదు. మొదటి వారం నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ తర్వాత మాత్రం, ఇన్నాళ్ళకి నా బుద్ధికి తగ్గ భాష దొరికిందనిపించింది.

అయిదున్నరకి పజిల్ చదివేదాన్ని. పాలు, కాఫీ, క్యారేజీ అవుతుండగా బుర్రలో తిప్పుకునేదాన్ని. బాపట్ల బండెక్కి కిటికీ దగ్గర కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని టకటకా కొట్టేదాన్ని. నిడుబ్రోలు దాటేసరికి ఫోల్డర్లో పడేసేదాన్ని. పక్కన ఎవరైనా తెరలోకి తొంగిచూస్తే తెర పక్కకి తిప్పుకునేదాన్ని. ఆ చూసేవాడు బాపట్ల కూరగాయల మార్కెట్‌కి పోయే మనిషైనా సరే.

నా కోడ్‌లో ఒక అలవాటు ఉంది. వరసలో మొదటి వస్తువుకి నేను పెట్టే పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, లాభం. సంగం జాగర్లమూడిలో మా తాతగారు వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు. లాభం అని మొదలుపెట్టి, తర్వాత రెండు, మూడు అని సాగించేవారు. శుభమా అని మొదలవ్వాలని వాళ్ళ ఉద్దేశం. పక్కన కూర్చుని నేనూ అలాగే అనేదాన్ని. కాటాలూ బస్తాలూ వచ్చాక ఆ మాట ఎవరూ అనడం లేదని, ఈ కాలం పిల్లలకి అసలు తెలియనే తెలియదని నా నమ్మకం. అదేదో మా తాతగారు నా ఒక్కదానికే రాసిచ్చి పోయినట్టు దాచుకున్నాను.

మొదటి మూడు రోజులూ ఆ అమ్మాయి కోడ్ చూశాను. శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. మొదటిదాని పేరు ఫస్ట్, చివరిదాని పేరు లాస్ట్, అంతా పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు. ఇది ఈ పిల్ల రాసింది కాదు, ఏదో ఏఐని అడిగి రాయించింది అనుకున్నాను. నా స్టూడెంట్లు సగంమంది అదే పని చేస్తున్నారు, ఈమె మాత్రం తక్కువ తిందా అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. ఆమె ఫైలు ఎప్పుడూ నా ఫైలు తర్వాతే వచ్చేది. నాది ఏడూ నలభైకి పడితే ఆమెది ఏడూ యాభైకి. నా బండి ఆలస్యమై ఎనిమిదింబావుకి పెడితే ఆమెది ఎనిమిదిన్నరకి. ఒక్కరోజు కూడా ముందు రాలేదు. ఇది చూశాక నాకు స్టాఫ్ రూములో ఆమె నవ్వినా దాని వెనకాల ఏదో ఉన్నట్టే ఉండేది. "బాగున్నారా మేడమ్" అంటే, ఎందుకు అడుగుతోంది అనుకునేదాన్ని.

నాలుగో రోజు ఆమె ఫైలు తెరిచాను. మొదటి వస్తువు పేరు లాభం.

చదివింది మళ్ళీ చదివాను. ఒళ్ళు మండిపోయింది. మా తాతగారి మాట, నా కోడ్‌లోంచి ఎత్తుకుపోయి, అక్షరం కూడా మార్చకుండా పెట్టుకుంది. మూడు రోజులు లేనిది నాలుగో రోజు ఎక్కణ్ణించి వచ్చింది? నేను రాసింది చూసి రాస్తోంది, చూసి రాసేటప్పుడు పేరు మార్చడం మర్చిపోయింది, అంతే. అయినా నోరు మెదపలేదు. పేరు ఒక్కటీ చాలదు, నాకు తప్పు కావాలి.

తొమ్మిదో రోజు ఆ తప్పు దొరికింది. ఆ రోజు పజిల్ చాలా తేలిక. ఒక్కో ఆర్డర్లో కొన్ని వస్తువులు ఉంటాయి, పెట్టెకి ఇన్ని అని పడతాయి, అన్ని ఆర్డర్లకీ కలిపి మొత్తం ఎన్ని పెట్టెలు కావాలో చెప్పాలి. చివర్లో కొన్ని మిగిలితే వాటికి ఇంకో పెట్టె. ఏమీ మిగలకపోతే అక్కర్లేదు. నేను తొందరలో, మిగిలాయా లేదా అని చూడకుండానే ప్రతి ఆర్డరుకీ చివర ఒక పెట్టె కలిపేశాను. సైటు నా జవాబు తప్పంది. వెంటనే దిద్దుకున్నాను గానీ, హెడ్డు గారి షరతు ప్రకారం తప్పు ఫైలు కూడా ఫోల్డర్లో ఉంచాను.

పావుగంటకి ఆమె ఫైళ్ళు వచ్చాయి. ఆమెవీ రెండు, ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. తప్పు ఫైల్లో ఆమె కూడా ఏమీ చూడకుండా చివర ఒక పెట్టె కలిపింది. ఆమెకి వచ్చిన తప్పు జవాబు, నాకు వచ్చిన తప్పు జవాబు, ఒకటే అంకె.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. తప్పుని కూడా కాపీ కొట్టిన మనిషి ఇక తప్పించుకోలేదు. ఆ మధ్యాహ్నం హెడ్డు గారి గదికి వెళ్ళి రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించాను. లాభం అన్న పేరు చూపించాను. టైములు చూపించాను. పేపరు నాకు రావాలని ఒక్క మాట కూడా అనలేదు. "మీరే చూడండి సార్" అన్నాను, అంతే.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇన్నేళ్ళుగా చూస్తున్నాను మిమ్మల్ని. మీ మాట చాలమ్మా" అన్నారు.

మర్నాడు ఆయన ఆమెని పిలిచి, ఇక పజిల్స్ పెట్టక్కర్లేదని, కాపీ విషయం జూన్లో మేనేజ్‌మెంట్‌కి చెప్పాల్సి ఉంటుందని అన్నారట. ఎవరు పట్టుకున్నారో మాత్రం చెప్పలేదు. ఆమె స్టాఫ్ రూములోకి వచ్చి, బ్యాగు తీసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు రాలేదు. దొరికిపోయిన మనిషి మొహం చాటేయక ఏం చేస్తుంది అనుకున్నాను.

కానీ నా అనుమానానికి ఆ మాత్రం తిండి చాలలేదు. కాపీ కొట్టిన కోడ్ నాదే అయినా, ఆమె ఒప్పు ఫైలు నా ఒప్పు ఫైల్లా లేదు. నాకన్నా పొట్టిగా, నాకన్నా చక్కగా దిద్దింది. అది ఎవరు దిద్దిపెట్టారు? ఇంట్లో అన్నయ్యో బావో సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఉంటాడు, వెనకాల ఉండి నడిపిస్తున్నాడు అనుకున్నాను. ఆ ఆదివారం రేపల్లెలో మా పిన్నిగారింట్లో బారసాల ఉంది. ల్యాబ్ బీరువా తాళం ఆమె దగ్గరే ఉండిపోయింది. వచ్చేటప్పుడు భట్టిప్రోలులో దిగి తాళం తెస్తానని హెడ్డు గారితో నేనే అన్నాను. అన్నయ్యని చూసి రావచ్చని నా ఎత్తు.

రేపల్లెలో భోజనం చేసి, తెనాలి ప్యాసింజర్ ఎక్కి భట్టిప్రోలులో దిగాను. ఆటో అతన్ని అడిగితే ఇల్లు అతనికే తెలుసు. గేటు తీసేసరికి, వసారాలో గోనెపట్టా పరుచుకుని వాళ్ళమ్మగారు కూర్చుని ఉన్నారు. ఎదురుగా మినుముల రాశి. కోతకి ముందు వరిచేలో చల్లడానికని పక్కింటావిడకి విత్తనం కొలుస్తున్నారు.

"రామ్మా, కూర్చో. మధ్యలో ఆపకూడదు, ఇదయ్యాక మాట్లాడతా" అన్నారు నన్ను చూసి. నేనెవరని కూడా అడగలేదు.

మానిక ముంచి, బొటనవేలితో పైన సమం చేసి, పక్కింటావిడ సంచిలో పోశారు. "లాభం" అన్నారు. మళ్ళీ ముంచారు. "రెండు." మళ్ళీ. "మూడు."

నేను నిలబడే ఉన్నాను.

పదో మానిక పోశాక రాశిలోంచి ఒక గుప్పెడు తీసి, లెక్కాపత్రం లేకుండా సంచిలో వేశారు. అది ఎందుకండి అని అడిగాను.

"కొసరమ్మా" అన్నారావిడ. "మిగిలిందా లేదా అని చూడకూడదు, వేసెయ్యాలి. కొలిచి ఒట్టి చేత్తో ఆగితే ఏం బావుంటుంది? మా పిల్లకి కూడా చిన్నప్పట్నించీ అదే అలవాటు."

మా తాతగారు కూడా అలాగే వేసేవారు. చూడకుండా. నేను ఆ గుప్పెడు వెయ్యడానికి పోటీ పడేదాన్ని. తొమ్మిదో రోజు నేను కలిపిన పెట్టె ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ అమ్మాయి కలిపిన పెట్టె కూడా ఇక్కణ్ణించే వచ్చింది.

లోపల్నుంచి ఆమె వచ్చింది. నన్ను చూసి కంగారుపడి, "మేడమ్, మీరేంటి ఇలా వచ్చారు" అని కుర్చీ తెచ్చి వేసింది. కళ్ళు వాచి ఉన్నాయి. తాళం కోసమని చెప్పాను. తెచ్చిచ్చింది. ఇంట్లో అన్నయ్యా లేడు, బావా లేడు. వాళ్ళిద్దరే ఉంటున్నారు.

లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ నా బుద్ధి నన్ను ఊరుకోనిస్తే కదా. ఇంకా ఒక మూల, టైముల సంగతేంటి అని పీకుతూనే ఉంది. "తొమ్మిదో రోజు ఫైలు ఒకసారి చూపిస్తావా" అన్నాను. ఆమె ఏమీ అడగకుండా ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఏ ఫైలు ఎప్పుడు రాసి దాచిందో అందులో ఉంటుంది. తొమ్మిదో రోజు తప్పు ఫైలు ఆరుంబావుకి. ఒప్పు ఫైలు ఆరున్నరకి. ఆ వేళకి నేను తెనాలిలో పాలగిన్నెలో వేలు పెట్టి ఉంటాను. వెనక్కి వెళ్ళి చూశాను. అన్ని రోజులూ అంతే. నేను బండెక్కక ముందే ఆమె పని అయిపోయేది.

"మరి ఫోల్డర్లో అంత ఆలస్యంగా పెట్టేదానివేంటి" అన్నాను.

"మీరు పెద్దవారు కదండి" అంది. "మీరు పెట్టకుండా నేను ముందు పెడితే బావుండదనిపించింది. మీది వచ్చాక పెట్టేదాన్ని."

ఆమే మళ్ళీ అంది. "మొదటి మూడు రోజులూ లాభం అని తీసేసి ఫస్ట్ అని మార్చి పెట్టేదాన్నండి. పల్లెటూరి దాన్నని నవ్వుతారేమోనని. మూడో రోజు సాయంత్రం మొదటిసారి మీ కోడ్ తెరిచి, అందులో లాభం అని చూశాక ప్రాణం లేచొచ్చింది మేడమ్. ఈవిడ మన మనిషే అనుకున్నాను. ఆ రోజు నుంచి మార్చడం మానేశాను."

వాళ్ళమ్మగారు మజ్జిగ తెచ్చారు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆమె నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది. "మేడమ్, మీరు ఒక్కసారి సార్‌కి చెప్తారా, నేను కాపీ కొట్టలేదని? మీరు చెబితే ఆయన వింటారు. కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ ఏదో చూసి పొరపాటు పడ్డట్టున్నారు."

అబద్ధం చెప్పడానికి అంత మంచి అవకాశం నాకు మళ్ళీ రాదు. అలాగే చెబుతానులే అని లేచి వస్తే, ఆమె దృష్టిలో నేను దేవతనయ్యేదాన్ని. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. వచ్చింది, మజ్జిగ గ్లాసు కింద పెట్టేంతసేపు ఉంది కూడా.

"సాఫ్ట్‌వేర్ కాదు. సార్‌కి చెప్పింది నేనే" అన్నాను. "లాభం చూపించి, తప్పు చూపించి, నేనే చెప్పాను."

ఆమె నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "అలాగాండి" అంది. లేచి ల్యాప్‌టాప్ మూసి లోపల పెట్టి వచ్చింది. వాళ్ళమ్మగారికి ఏమీ తెలియదు. నేను బయల్దేరుతుంటే ఒక కవర్లో మినుములు పోసి, పైన ఇంకో గుప్పెడు వేసి చేతిలో పెట్టారు. వద్దని చెప్పే ముఖం కూడా నాకు లేదు.

సోమవారం పొద్దున్నే హెడ్డు గారి గదికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. వడ్ల కొలత సంగతి, కొసరు సంగతి, ఆరుంబావు సంగతి. ఆయన కళ్ళజోడు తీయలేదు ఈసారి. "మొన్న అది కాపీ అన్నారు, నమ్మాను. ఇవాళ కాదంటున్నారు. ఏది నమ్మమంటారమ్మా నన్ను" అన్నారు. ఇరవై ఏళ్ళ మాట అంత త్వరగా చెల్లకుండా పోతుందని నాకు తెలియదు. చివరికి నేనే అడిగాను, ఇద్దర్నీ ల్యాబ్‌లో మీ కళ్ళెదురుగా కూర్చోబెట్టి రాయించండి అని. అడుగుతున్నప్పుడే తెలుసు, ఆ ఒప్పు ఫైలు చూసినప్పట్నుంచీ తెలుసు, ఎవరు ముందు లేస్తారో.

బుధవారం రాశాం. నేను సగంలో ఉండగా ఆమె కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. పేపరు ఆమెకి వచ్చింది. నాకు ఫస్టియర్ వాళ్ళ సి ల్యాబ్ మిగిలింది. జూన్ సంగతి జూన్లో చూస్తారు. భయం ఉంది, లేదని ఎందుకు చెప్పాలి.

పజిల్స్ మాత్రం ఇద్దరం ఇంకా రాస్తూనే ఉన్నాం. పిల్లలు చూస్తారని హెడ్డు గారు మానొద్దన్నారు. స్టాఫ్ రూములో ఎదురుపడితే ఆమె "బాగున్నారా మేడమ్" అంటుంది, మర్యాదలో ఏ లోటూ రానివ్వదు. ఎందుకు అడుగుతోంది అని నేనిప్పుడు అనుకోను.

నేను రోజూ పాలు పోయించుకుని లోపలికి వచ్చి ముందు ఫోల్డర్ తెరుస్తాను. ఆమె ఫైలు ఆరుంబావుకే వచ్చి ఉంటుంది. ఇప్పుడు నా కోసం ఆగడం లేదు. తెరిచి మొదటి వరసలు చూస్తాను. మొదటి వస్తువు పేరు మళ్ళీ ఫస్ట్ అని ఉంటుంది.